రంగు చల్లుకునే ముందు అరగంట

మన గోదావరి జిల్లాల్లో రంగు ఒంటిమీద పడటానికి హోళీ దాకా ఆగక్కర్లేదు. నెలగంట పెట్టిన దగ్గర్నుంచి ఆడవాళ్ల చేతులకి ముగ్గుల రంగులు అంటుకునే ఉంటాయి. శ్రీరామనవమికి సీతారాముల కల్యాణమయ్యాక ఒకరిమీద ఒకరు వసంతం చల్లుకుంటారు. వైశాఖ శుద్ధ దశమినాడు వాసవీ జయంతి వస్తే పెనుగొండ వీధుల్లో ఎటు చూసినా పసుపూ కుంకుమే. భాద్రపదంలో గణపతిని నిమజ్జనానికి సాగనంపేటప్పుడు గులాల్ సంచులకి సంచులు ఖాళీ అవుతాయి. పెళ్లి ఊరేగింపులు, ఓట్ల లెక్కింపు రోజులు సరేసరి. ఇన్నిసార్లు రంగులో మునిగే మనం, మర్నాడు అద్దం ముందు నిలబడి బుగ్గమీద దద్దుర్లు చూసుకుంటూ బాధపడుతున్నాం. జుట్టు పీచులా అయిపోయిందని, కళ్లు మండుతున్నాయని అప్పుడు హైరానా పడుతున్నాం.

వెనకటి అధ్యాయాల్లో కాలాన్ని, డబ్బుని, మాటని పొదుపుగా వాడుకోవడం గురించి చెప్పుకున్నాం. ఒంటిని కాపాడుకోవడం కూడా ఆ వరసలోదే. సంబరంలో దిగినవాడికి జాగ్రత్త గుర్తుండదు. అందుకని జాగ్రత్త పడాల్సింది సంబరానికి ముందు. నేను చూసినంతలో రంగువల్ల చర్మానికి, జుట్టుకి జరిగే చెరుపు ఎక్కువగా రెండు చోట్ల మొదలవుతుంది. ఒకటి రంగు కొనే కొట్టు దగ్గర, రెండోది రంగు కడుక్కునే నూతి దగ్గర. మధ్యలో ఆడుకునే గంటా రెండు గంటలు మనకి చేసే నష్టం ఈ రెండింటి ముందు చిన్నదే.

కొట్టు దగ్గర అడగాల్సిన ఒక్క మాట

సంక్రాంతికి తోపుడుబండ్లమీద గుట్టలుగా పోసి అమ్మే రంగులున్నాయే, అవి నేలమీద వేసే ముగ్గు కోసం చేసినవి. ముగ్గురాయి పిండికో, ఇసకకో, ఉప్పుకో ఘాటైన రంగు పట్టించి ఎండబెడతారు. ఎండకీ, పొద్దున్నే కురిసే మంచుకీ వెలిసిపోకుండా నిలవడం వాటికి కావలసిన గుణం. మనిషి బుగ్గకి ఏమవుతుందన్న ఆలోచన ఆ తయారీలో లేదు. పండగయ్యాక మిగిలిన పొట్లాలు అటకమీదకి చేరతాయి. ఫాల్గుణంలోనో, వినాయక చవితి వెళ్లాకో పిల్లలు వాటినే కిందకి దింపి మొహాలకి పూసుకుంటారు. కొట్లో కూడా రెండు రకాలూ పక్కపక్క డబ్బాల్లోనే ఉంటాయి. అక్కడ సంభాషణ ఇలా సాగుతుంది:

"ఏవండీ, ఈ రంగు మొహానికి పూసుకునేదా, ముగ్గుకా?"

"ఆయ్, ముగ్గుకేనండి."

"మరి పిల్లలు చల్లుకోడానికని పట్టుకెళుతున్నారుగా?"

"వాళ్లడగలేదండి, మేం చెప్పలేదండి."

అడిగితే చాలామంది కొట్టువాళ్లు ఉన్నమాట చెబుతారు. అడగకపోవడమే మన లోపం.

చౌక రంగుల్లో ఏముంటుందో కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఢిల్లీలోని టాక్సిక్స్ లింక్ అనే సంస్థ 2000 దశకం మొదట్లోనే ఈ విషయం మీద ప్రచారం మొదలుపెట్టింది. నలుపులో సీసం, ఆకుపచ్చలో మైలుతుత్తం, ఎరుపులో పాదరసం కలిసిన పదార్థం, వెండిరంగులో అల్యూమినియం సమ్మేళనం వాడుతున్నారని అప్పట్లోనే హెచ్చరించారు. పొడి రంగుల్లో బట్టలకి, కాగితాలకి వేసే అద్దకాలు కూడా కలుస్తాయి. గులాబీరంగులో మెరిసే రోడమిన్, ఆకుపచ్చలో మాలకైట్ గ్రీన్ అలాంటివే. ఇవి ఎక్కువ మందికి దురద, మంటతో సరిపెడతాయి. తామర ఉన్నవాళ్లకి, పసిపిల్లలకి అంతటితో ఆగదు. కోల్‌కతా వైద్యులు 2009లో ఇండియన్ జర్నల్ ఆఫ్ డెర్మటాలజీలో హోళీ తర్వాత చర్మ సమస్యలతో వచ్చిన 42 మంది గురించి రాశారు. అందులో దురద, తామరలాంటి దద్దుర్లే ముందు వరసలో ఉన్నాయి.

ఇంట్లో ప్రయోగశాల అక్కర్లేకుండా చేసుకోదగ్గ పరీక్షలు కొన్ని ఉన్నాయి. చిటికెడు పొడి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలపండి. మెత్తగా జారితే పిండి ఆధారంగా చేసినదై ఉండొచ్చు. గరగరలాడితే ఇసకో రాతిపొడో ఉన్నట్టు. అరచేతిలో తళుకు కనిపిస్తే అభ్రకం. దాని అంచులు పదునుగా ఉంటాయి, కంట్లో పడితే గీరుతుంది. కిరసనాయిలు వాసనో, రంగుల డబ్బా వాసనో వస్తే అక్కడే వదిలేయండి. ఒక గాజుగ్లాసు నీళ్లలో చెంచాడు పొడి వేసి చూడండి. నీళ్లు క్షణంలో కళ్లు చెదిరే రంగుకి తిరిగితే అది బట్టల అద్దకం లాంటిదని అనుమానించాలి. పైన నూనెతెట్టు తేలితే ఆ పొడి ఒంటిమీద వేసుకోవద్దు. ఇవేవీ తిరుగులేని పరీక్షలు కావు, మరీ చెడ్డ సరుకుని వడపోయడానికి మాత్రం పనికొస్తాయి. పొట్లంమీద ఆకుబొమ్మ వేసి 'హెర్బల్' అని అచ్చువేసినంత మాత్రాన నమ్మకండి. తయారుచేసినవాళ్ల పేరు, ఊరు, తేదీ, ఏమేం కలిపారో లేని పొట్లం ఎంత పచ్చగా మెరిసినా కొనొద్దు.

కొన్నాక ఇంకో పని ఉంది. పండగకి ముందురోజు ఆ రంగుని కాస్త తడిపి మోచేతి మడతలో రూపాయి బిళ్లంత మేర రాసి, కాసేపు ఉంచి కడిగేయండి. మర్నాటికి ఎర్రబడినా, దురద పుట్టినా అది మీ ఒంటికి పడనట్టే. తలకి వేసుకునే నల్లరంగు పడక గతంలో నెత్తిమీద పొక్కులు వచ్చినవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేసుకోవాలి.

ఓపిక ఉంటే ఇంట్లో చేసుకున్న రంగుకి సాటి లేదు. పసుపు కొమ్ములు కొని మరపట్టించి, రెండింతలు శనగపిండి కలిపితే పసుపుపచ్చ రంగు సిద్ధం. మొక్కజొన్న పిండిలో తినే పదార్థాల్లో వాడే రంగుని కొద్దిపాటి నీళ్లతో కలిపి, నీడన ఆరబెట్టి, జల్లెడ పడితే గులాబీ, ఆకుపచ్చ వస్తాయి. మోదుగుపూలు మన డెల్టాలో అరుదు. జంగారెడ్డిగూడెం, పోలవరం మన్యం వైపు చుట్టాలుంటే ఎండిన పూలు తెప్పించుకుని రాత్రి నానబెట్టండి, తెల్లారేసరికి నారింజరంగు నీళ్లు తయారు. గోరింటాకు పొడిని ఆకుపచ్చ కోసం వాడొచ్చని చాలామంది చెబుతారు, నేను ఒప్పుకోను. పొడిగా ఉన్నంతసేపే అది ఆకుపచ్చ. మన ఉక్కకి చెమటలో తడిసిందంటే మొహమంతా పండి వారంపాటు పోదు.

వసంతంలో సున్నం

వసంతం మన పెద్దవాళ్ల రసాయనశాస్త్రం. పసుపునీళ్లలో సున్నం పడగానే ఎర్రగా తిరుగుతుంది. పసుపులోని కుర్కుమిన్‌కి క్షారం తగిలితే వచ్చే మార్పు అది. ఆ ఎర్రనీళ్లలో కాస్త నిమ్మరసం పిండితే మళ్లీ పసుపుపచ్చకి వస్తుంది. రాకపోతే అందులో పసుపు బదులు కొట్టురంగు కలిపారన్నమాట. పసుపుతో చేసిన వసంతం బట్టలకి అంటుకున్నా ఉతికి ఎండలో ఆరేస్తే మెల్లగా వెలిసిపోతుంది.

ఇంత చక్కటి దానిలో ఉన్న ప్రమాదం ఒక్కటే, సున్నం. కంటికి తగిలే దెబ్బల్లో క్షారం వల్ల అయ్యేది మహా చెడ్డది. పులుపు పైపొరని కాలుస్తుంది, క్షారం లోపలికి దిగుతూనే ఉంటుంది. కిళ్లీలోకి వాడే సున్నం పొట్లాన్ని పిల్లలు నొక్కి ఆడుకుంటుంటే అది చిట్లి కంట్లో పడి చూపు దెబ్బతిన్న సంగతులు కంటి వైద్యులు ఏళ్ల తరబడి రాస్తూనే ఉన్నారు. కాబట్టి వసంతం కలిపేటప్పుడు సున్నం ముద్ద తెచ్చి గంగాళంలో వేయకండి. విడిగా చెంబులో కలిపి, అడుక్కి దిగేదాకా ఆగి, పైన తేరిన నీళ్లు మాత్రం కొద్దికొద్దిగా పోయండి. పసుపునీళ్లు ఎరుపు తిరగ్గానే ఆపేయండి. ఇంకా ఎర్రగా కావాలంటే పసుపు పెంచాలి, సున్నం కాదు. చిన్న రేణువు రెప్పకింద ఇరుక్కుంటే మంట ఆగదు. అందుకే కలిపిన వసంతాన్ని పలచటి గుడ్డలో వడగట్టడం కూడా అలవాటు చేసుకోవాలి. చల్లేటప్పుడు మెడకింద చల్లమని కుర్రాళ్లకి ముందే చెప్పండి.

ఒకవేళ కంట్లో పడితే రుద్దకూడదు. వెంటనే రెప్పలు వేళ్లతో విడదీసి పట్టుకుని, కుళాయినీళ్లో చెంబునీళ్లో ధారగా పోస్తూ పావుగంటకి తగ్గకుండా కడగాలి. నొప్పి తగ్గిందని మధ్యలో ఆపొద్దు. చనుబాలు, తేనె, పన్నీరు, నిమ్మరసం, ఏదీ పోయొద్దు. కడిగిన తర్వాతే తణుకో, పాలకొల్లో, భీమవరమో, ఏది దగ్గరైతే అక్కడి కంటి డాక్టరు దగ్గరికి బయల్దేరండి. ముందు బండెక్కి, తర్వాత ఆసుపత్రిలో కడిగించుకుందామనుకుంటే దారిలోనే జరగాల్సిన నష్టం జరిగిపోతుంది.

పెనుగొండలో కుంకుమ పూజకి కూర్చున్నప్పుడు

పెనుగొండ వాసవీ కన్యకా పరమేశ్వరి పుట్టిన ఊరు. ఆర్యవైశ్యులు దీన్ని తమ కాశీగా భావిస్తారు. నగరేశ్వరస్వామి ఆలయం, వాసవీ శాంతిధామంలోని 90 అడుగుల అమ్మవారి విగ్రహం చూడటానికి దేశం నలుమూలల నుంచి, విదేశాల నుంచి కూడా వస్తారు. జయంతి వైశాఖంలో, ఆత్మార్పణ దినం మాఘ శుద్ధ విదియనాడు. ఈ రోజుల్లో ఆడవాళ్లు వరసగా కూర్చుని చేసే కుంకుమార్చనని దగ్గరగా చూడండి. కుడిచేతి బొటనవేలు, మధ్యవేలు, ఉంగరపువేలు ఒక్కో నామానికీ కుంకుమని తీస్తూ వదులుతూ ఉంటాయి. సహస్రనామం పూర్తయ్యేసరికి ఆ మూడు వేళ్ల గోళ్లకింద, గోరుచుట్టూ చర్మంలో కుంకుమ గట్టిగా పట్టేసి ఉంటుంది. ఉక్కకి చెమట పడుతుంది, అదే చేత్తో నుదురు తుడుచుకుంటారు, అదే చేత్తో ప్రసాదం తీసుకుంటారు.

పసుపు, నిమ్మరసం, వెలిగారంతో చేసిన కుంకుమైతే ఇందులో పెద్ద బాధ లేదు. కొట్లో దొరికే కుంకుమంతా అలా చేసింది కాదు. ఏళ్ల తరబడి బొట్టు పెట్టుకున్న చోట నుదురు నల్లబడటం, దురద పెట్టడం మన ఇళ్లల్లో కొత్త కాదు. చర్మవైద్యులు దీన్ని కుంకుమలోని రంగుపదార్థాలవల్ల వచ్చే ఎలర్జీగా గుర్తించారు. అమెరికాలో న్యూజెర్సీలోని రట్గర్స్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో అక్కడి దక్షిణాసియా దుకాణాల్లోనూ, ఇండియాలోనూ కొన్న సిందూరం పొడుల్ని పరీక్షిస్తే చాలావాటిలో సీసం బయటపడింది. సిందూరం, మన కుంకుమ ఒకటి కావు. కానీ ఎర్రటి పొడి ఎవరు చేశారో తెలియకుండా నుదుటికీ, నోటికీ దగ్గరగా వాడకూడదని ఆ పరీక్ష చెబుతూనే ఉంది.

పూజకి కూర్చునేముందు గోళ్లు కత్తిరించుకుని, వేళ్లకి కొద్దిగా కొబ్బరినూనె రాసుకోండి. నమ్మకమైన కుంకుమ చిన్న భరిణెలో ఇంటినుంచే తెచ్చుకోండి. పూజ అయ్యాక, ప్రసాదం తీసుకునేముందు సబ్బుతో చేతులు కడుక్కోండి. అర్చన కుంకుమని ఇంటికి తెచ్చి పిల్లల నుదుట దిద్దేటప్పుడు ఆవగింజంత చాలు. భక్తికి ఇవేవీ అడ్డురావు.

బయల్దేరేముందు

ఇప్పుడు ఆ అరగంట సంగతి. జుట్టుతో మొదలుపెట్టండి. కొబ్బరినూనె మన అంబాజీపేట సరుకైనా సరే, గానుగ దగ్గర పట్టించిందైనా సరే, కుదుళ్లకన్నా వెంట్రుకల పొడవునా, ముఖ్యంగా చివళ్లకి పట్టించండి. ఇది అమ్మమ్మల మాట మాత్రమే కాదు. 2003లో వెలువడిన ఒక పరిశోధనలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడింటినీ పోల్చి చూశారు. వెంట్రుకలోని ప్రొటీన్ నష్టాన్ని గట్టిగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే, ఎందుకంటే అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది. నూనె పెట్టాక జుట్టు విరబోసుకోకండి. బిగువుగా జడ వేసి, ముడి చుట్టి, పైన నూలు చున్నీ గాని తుండు గాని కట్టుకోండి. మగవాళ్లు పొట్టిజుట్టే కదా అని వదిలేస్తారు. వాళ్ల నెత్తిచర్మంమీద పొడి నేరుగా పడుతుంది గనక వాళ్లకీ నూనె కావాలి.

మొహం సంగతి వేరు. మొటిమలు వచ్చే వయసు పిల్లలు మొహానికి కొబ్బరినూనె దట్టంగా పూస్తే రంగు బాధ తగ్గినా మొటిమల బాధ పెరుగుతుంది. వాళ్లకి తేలికపాటి మాయిశ్చరైజర్ చాలు. పగటిపూట ఉత్సవమైతే దానిమీద ఎస్‌పీఎఫ్ 30కి తగ్గని సన్‌స్క్రీన్ ఇరవై నిమిషాల ముందు రాసుకోవాలి. కొబ్బరినూనె ఎండని ఆపుతుందనుకోవడం పొరపాటు. చెవుల వెనక, చెవి మడతల్లో, ముక్కు పక్కన, పెదాలకి, కనుబొమలకి, గోళ్లచుట్టూ వాజలైన్ రాయండి. అందరూ మరిచిపోయేది మెడ వెనక భాగం. ఎదుటివాళ్లు రంగు పోసేది కూడా అక్కడే. గోళ్లరంగు వేసుకుంటే గోళ్లకి అది కవచం. కాంటాక్ట్ లెన్సులు ఇంట్లో తీసిపెట్టి వెళ్లండి. మామూలు కళ్లద్దాలు పెట్టుకుంటే పొడి నుంచి కొంత రక్షణ కూడా.

పండగరోజు పొద్దున్నే గెడ్డం గీసుకుని బయల్దేరడం మన మగవాళ్ల అలవాటు. కత్తి తిరిగిన చర్మంమీద కంటికి కనిపించని గాట్లుంటాయి, రంగు అందులోకి దిగి మంటపెడుతుంది. గెడ్డం ముందురోజే గీసుకోండి. ఆడవాళ్లు బ్లీచ్, వ్యాక్సింగ్, ఫేషియల్, జుట్టు నిటారు చేయించుకోవడం లాంటివి పండగకి నాలుగైదు రోజులు ఇటూ అటూ పెట్టుకోవద్దు. బట్టలు నిండుచేతులవి, నూలువి వేసుకోండి. పాలిస్టర్ తడిస్తే రంగునీళ్లని ఒంటికి అతికించి ఉంచుతుంది.

కాలాన్నిబట్టి జాగ్రత్త మారుతుంది. వాసవీ జయంతి రోజుల్లో ఎండ మండిపోతుంది, డెల్టా కాలవలు కట్టేసి ఉంటాయి, నీళ్ల ఎద్దడి కూడా ఉండొచ్చు. కడుక్కోడానికి రెండు బిందెలు ముందే పట్టి ఉంచుకోవాలి. మధ్యమధ్యలో మజ్జిగో మంచినీళ్లో తాగుతుండాలి, ఎండిపోయిన చర్మం రంగుకి తొందరగా లొంగుతుంది. నిమజ్జనం నాటికి కాలవలు నిండుగా పారుతుంటాయి, గాలిలో తేమ, వాన తుంపర. పొడిగా చల్లిన గులాల్ ఒంటిమీద పడ్డ నిమిషానికే తడిరంగైపోతుంది, అద్దకం చర్మంలోకి దిగేది తడిలోనే. అందుకే నిమజ్జనానికి వెళ్లేవాళ్లు చంకలో పొడి తుండొకటి ఉంచుకుని చెమటని, రంగుని అప్పటికప్పుడు అద్దుతూ ఉండాలి. రుద్దకూడదు.

వద్దని చెప్పడం

మన దగ్గర వరసైనవాళ్లు రంగు పూయడానికొస్తే వద్దనడం మర్యాద కాదనుకుంటాం. బావ, మరదలు, వదిన, మరిది వరసల్లో సరదా ఉంది, ఆ సరదా ఉండాల్సిందే. దాంతోపాటు ఎవరి మొహం వాళ్లదన్న గౌరవం కూడా ఉండాలి. వద్దనేవాళ్లు ముడుచుకుని మూల నిలబడక్కర్లేదు, ఎదురెళ్లి ఎక్కడ పెట్టాలో చూపిస్తే చాలు. "బావగారూ, చేతికి పెట్టండి, మొహానికి వద్దండి, ఎలర్జీ ఉంది." "వదినా, బుగ్గకి ఒక్క బొట్టు చాలు, కళ్లజోలికి రాకండి." ఇలా నవ్వుతూ, చెయ్యి ముందుకి చాపుతూ అంటే నూటికి తొంభైమంది నొచ్చుకోరు. నొచ్చుకున్న ఆ పదిమంది కోసం మన చర్మాన్ని బలిపెట్టక్కర్లేదు. మనం పూసేటప్పుడు కూడా ముందు అడగాలి. వెనకనుంచి వచ్చి కళ్లు మూసి రంగు రాయడం, జుట్టులో గుప్పెడు కుక్కడం, నోట్లో పోయడం ఏ వరసకీ తగని పనులు. ఆడపిల్ల వద్దంటే అక్కడితో ఆగాలి. ఇది మగపిల్లలకి పండగరోజు పొద్దున్నే పెద్దవాళ్లు కూర్చోబెట్టి చెప్పాల్సిన మాట.

రెండేళ్లలోపు పిల్లలకి ఏ రంగూ వద్దు. ఉబ్బసం ఉన్నవాళ్లు పొడిరంగుల గుంపులోకి వెళ్లకూడదు, వెళ్లక తప్పదంటే మాస్కు, ఇన్‌హేలర్ జేబులో ఉండాలి. తామర, సొరియాసిస్, మానని పుండ్లు ఉన్నవాళ్లు, గర్భిణులు అరుగుమీదినుంచి చూసి ఆనందించడం మంచిది.

కడుక్కోవడం

ఇంటికి రాగానే అందరం చేసే పని, గబగబా నీళ్లు కుమ్మరించుకోవడం. పొడిరంగుకి అంతకన్నా చేటు లేదు. నీళ్లు తగిలిన క్షణంలో అద్దకం కరిగి, అప్పటిదాకా పైపైన ఉన్నది ఒళ్లంతా పాకుతుంది. ముందు పెరట్లో నిలబడి పొడిగానే దులుపుకోవాలి. బట్టలు దులిపి విప్పండి. తల ముందుకి వంచి, పళ్లు వెడల్పుగా ఉన్న దువ్వెనతో మెడ వెనకనుంచి కిందకి దువ్వండి. పొడి జలజల రాలుతుంటే ఎంత రంగు జుట్టులో దాక్కుందో మీకే తెలుస్తుంది. పొడి తుండుతో మొహంమీద అద్దండి. దీనికి పది నిమిషాలు చాలు. ఆ తర్వాతే నీళ్లు, అదీ చల్లటివి. కళ్లు, నోరు గట్టిగా మూసుకుని తలని ముందుకి వంచి పోసుకోండి, రంగునీళ్లు మొహంమీదుగా కారకుండా.

తలకి వట్టి నీళ్లు దండిగా పోశాక గాఢత తక్కువ షాంపూ ఒకసారి, ఆ తర్వాత కండిషనర్. కుంకుడుకాయ రసం కూడా మంచిదే, కాని అప్పటికే మండుతున్న కళ్లలో పడితే ప్రాణం విలవిల్లాడుతుంది, పిల్లలకి ఆరోజు వద్దు. రంగు పోలేదని అదేపూట మూడుసార్లు షాంపూ పెట్టడం జుట్టుని మనమే పాడుచేసుకోవడం. మిగిలింది మరో రెండు తలస్నానాల్లో పోతుంది. తడిజుట్టు దువ్వకండి, డ్రయ్యర్ పెట్టకండి.

చర్మంమీద మిగిలిన మరకకి మళ్లీ కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగి, దూదితో మెల్లగా తుడవండి. పెరుగులో పెసరపిండి కలిపి పలచగా రాసి, ఆరిపోకముందే కడిగేయండి. పండగ నలుగు పెట్టినట్టు గట్టిగా రుద్దితే మాత్రం పైపొర లేచిపోతుంది. పీచుతో తోమడం, ఇటుకముక్కతో గీకడం, కిరసనాయిలు, పెట్రోలు, స్పిరిట్ పూయడం మన ఊళ్లల్లో ఇప్పటికీ ఉంది. ఇవి రంగుని తీసే క్రమంలో చర్మానికి ఉన్న సహజమైన జిడ్డుని తీసేస్తాయి, మర్నాడు వచ్చే మంటకి అసలు కారణం చాలాసార్లు ఇదే. నిమ్మచెక్క కూడా వద్దు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. మరక రెండు మూడు రోజులు ఉంటే ఉండనివ్వండి. చర్మం తన పైపొరని తానే వదిలించుకుంటుంది, దాంతోపాటు మరక పోతుంది. ఒళ్లు తడిగా ఉండగానే మాయిశ్చరైజర్ గాని, కొబ్బరినూనె గాని రాసుకుని ఆ రాత్రి హాయిగా పడుకోండి.

రంగుల ఒంటితో కాలవలోనో చెరువులోనో దిగడం చాలాచోట్ల ఆనవాయితీ. మన పల్లెల్లో తాగునీటి చెరువులు నిండేది ఆ కాలవల నుంచే. ఊరిమీద మనసున్నవాళ్లు ఇంటి నూతి దగ్గరే కడుక్కుంటారు.

మంట ఒకరోజు దాటినా, పొక్కులు లేచినా, రసి కారినా, రెప్పలు వాచినా చర్మం డాక్టరుకి చూపించండి. ఊపిరి అందకపోతే 108కి ఫోన్ చేయండి. మందుల షాపులో చెప్పిన ఏదో ట్యూబు కొని రాసుకోవద్దు. అలాంటి వాటిలో ఎక్కువగా ఉండేది స్టెరాయిడ్. రెండురోజులు మంట తగ్గించి, వాడుతూపోతే చర్మాన్ని పలచబరుస్తుంది. డాక్టరు చూసేదాకా చల్లటి తడిగుడ్డ వేసుకోవడం, కాలమైన్ లోషన్ రాయడం చాలు.

పందిరి కమిటీలకి

ఒక్క సంగతి మీ చెవిన వేయాలి. 2015 జూన్ 27న తైవాన్‌లోని ఒక వినోద ఉద్యానంలో రంగుల సంబరం జరుగుతుండగా గాలిలోకి ఊదిన రంగుపొడి అంటుకుంది. 15 మంది చనిపోయారు, దాదాపు 500 మంది గాయపడ్డారు. అది విషపు రంగు కాదు, మొక్కజొన్న పిండితో చేసిన పొడి. గాలిలో దట్టంగా తేలే ఏ పిండైనా నిప్పు తగిలితే భగ్గుమంటుంది. మన నిమజ్జన ఊరేగింపుల్లో ఒకపక్క గులాల్ గొట్టాలు పేలుస్తారు, రెండోపక్క చిచ్చుబుడ్లు, టపాసులు కాలుస్తారు, మధ్యలో జనరేటర్ వేడెక్కి ఉంటుంది. ఈ ఏడాది ఆ రెండింటినీ విడదీయండి. టపాసులు కాల్చే చోటు వేరు, రంగు చల్లే చోటు వేరు పెట్టండి, ముఖ్యంగా ఇరుకు సందుల్లో. రంగులు వీధిలో ఎవరికి వాళ్లు తెచ్చుకోకుండా కమిటీ ఒకేచోట కొనాలి, కొనేముందు గ్లాసునీళ్లలో వేసి చూడాలి. ట్రాక్టరుమీద ఒక డ్రమ్ము మంచినీళ్లు, నాలుగు చెంబులు పెట్టండి. కంట్లో రంగు పడినవాణ్ణి అక్కడికక్కడే పావుగంట కడిగించే పని ఒక కుర్రాడికి అప్పజెప్పండి. పందిరి ఖర్చులో ఇది లెక్కకే రాదు, చందా పుస్తకంలో దీనికొక గీత ముందే రాసి ఉంచండి.